తోలుబొమ్మల తెర నుండి వెండితెర వరకు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున నానక్‌రామ్‌గూడ అను ఊరు కలదు. ఒకప్పుడు అది బండరాళ్ళ గుట్టల నడుమ, పొలముల చెంతనుండిన చిన్న గ్రామము. నేడు అచ్చట ఆకాశము నంటుచున్న అద్దాల మేడలు లేచినవి. కంప్యూటరు సంస్థలలో పనిచేయు వేలకొలది యువతీయువకులు ఉదయ సాయంకాలములయందు ఆ వీధులలో సంచరించుచుందురు. ఆ మేడల నడుమనే పూర్వకాలపు శ్రీరంగనాథస్వామి ఆలయము నిలిచియున్నది. ప్రసిద్ధ చలనచిత్ర నిర్మాత డి. రామానాయుడుగారి పేరు గల స్టూడియో కూడ ఆ ప్రాంతముననే వెలసినది.

నానక్‌రామ్‌గూడ చేరిన శేరిలింగంపల్లి మండలముననే, కొలది కిలోమీటర్ల దూరమున, సురభి కాలనీ అను మరియొక చోటు కలదు. తరతరములుగా నాటకమునే జీవనాధారముగా చేసికొనిన కుటుంబములు అచ్చట నివసించుచున్నవి. ఒక చోట కెమేరా. మరియొక చోట రంగస్థలము. పైకి చూచువారికి ఈ రెంటికిని సంబంధము లేనట్లు తోచును. మన పురాణకథలును, జానపదగాథలును తెర కెక్కిన చరిత్రను పరిశీలించినచో ఇవి యొకే త్రోవలోని రెండు మజిలీలని తెలియగలదు.

సినిమా పుట్టక పూర్వము తెలుగువారికి కథలు లేకపోలేదు. కథలు చెప్పువారును కొరవడలేదు. సాయంకాలము రచ్చబండ మీదనో, దేవాలయ మండపముననో పౌరాణికుడు భారతమును చదివి అర్థము చెప్పుచుండెను. హరిదాసు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, ఒంటరిగా నిలిచి ఒక్కొక్క పాత్రను కన్నులకు కట్టించుచుండెను. బుఱ్ఱకథకుడు తంబురా మీటుచు వీరుల కథలు పాడగా, ఇరుప్రక్కల నిలిచిన వంతలు తాళము వేయుచు, ఒకరు హాస్యమును, మరియొకరు రాజకీయమును జోడించుచుండిరి. తెలంగాణమున ఒగ్గుకథకులు మల్లన్న కథను, ఎల్లమ్మ కథను డోలు వాద్యములతో చెప్పిరి. చిందు యక్షగాన కళాకారులు పురాణకథలను ఊరూర ఆడిరి.

వీటన్నిటిలో సినిమాకు మిక్కిలి దగ్గర చుట్టము తోలుబొమ్మలాట. మేకతోలును పలుచగా సాగదీసి, శుభ్రపరచి, రంగులు వేసి, రాముడు, రావణుడు, హనుమంతుడు మున్నగువారి రూపములను కత్తిరింతురు. తెల్లని వస్త్రమును తెరగా కట్టి, దాని వెనుక దీపముల నుంచి, తెరకు ఆనించి ఆ బొమ్మల నాడింతురు. చీకటిలో కూర్చున్న ప్రేక్షకులకు వెలుగు నిండిన తెర మీద రంగురంగుల వీరులు కదలుచు, పాడుచు, పోరాడుచు కనిపింతురు. నడుమ నడుమ కేతిగాడును బంగారక్కయు ప్రవేశించి నవ్వులు పూయింతురు. వారు రామాయణములోని పాత్రలు కారు. ఐనను వారు లేని ఆట తెలుగు పల్లెలలో ఉండెడిది కాదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట గ్రామమున ఈ కళ నేటికిని జీవించియున్నది. ఆ గ్రామమునకు చెందిన దళవాయి చలపతిరావుగారికి భారత ప్రభుత్వము 2020లో పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించినది.

ఇట్లు ఒకే కథను పలువురు పలు విధములుగా చెప్పుట మన దేశమున అనాదిగా నున్న ఆచారము. ఎవరి పద్ధతి వారిది. ఎవరి చేర్పులు వారివి. ఈ విషయమును విద్యార్థులు మనసున నుంచుకొనవలెను. సినిమాను అర్థము చేసికొనుటకు ఇదియే తాళపుచెవి.

1885వ సంవత్సరమున కడప ప్రాంతములోని సురభి అను గ్రామమున వనారస గోవిందరావుగారును, ఆయన బంధువులును కలసి కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. ఆ ఊరి పేరే వారి సమాజమునకు పేరైనది. ఆ కుటుంబముల వారందరును నటులే. తాత, తండ్రి, మనుమడు ఒకే రంగస్థలము మీద కనిపించుట వారికి వింత కాదు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించుచుండిన ఆ రోజులలో సురభివారి నాటకములందు స్త్రీలే ఆ పాత్రలను ధరించిరి. నారదుడు మేఘముల నుండి దిగివచ్చుట, గాలిలో బాణములు ఢీకొని నిప్పులు రాలుట, మాయాబజారులో భక్ష్యములు ఘటోత్కచుని నోటిలోనికి ఎగిరిపోవుట వంటి దృశ్యములను వారు త్రాళ్ళు, తీగెలు, తెరలు, దీపములు మాత్రమే సాధనములుగా చూపించుచుండిరి. సినిమా వచ్చి చేయబోవు అద్భుతములను చూచుటకు తెలుగు ప్రేక్షకుల కన్నులను ముందుగా సిద్ధము చేసినవారు వీరే యనవచ్చును.

1913వ సంవత్సరమున దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్ర అను మూగచిత్రమును విడుదల చేసెను. తెలుగువారిలో ఆ త్రోవ త్రొక్కినవారు రఘుపతి వెంకయ్యగారు. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో భీష్మప్రతిజ్ఞ అను మూగచిత్రమును నిర్మించి, తానే భీష్ముని పాత్రను ధరించెను. ఈ తొలి చిత్రములు పురాణకథలనే ఎన్నుకొనుటకు కారణము భక్తి యొక్కటే కాదు. మూగచిత్రమున పాత్రలు పెదవులు కదపగలవే కాని మాటాడలేవు. ప్రేక్షకులలో చదువు వచ్చినవారు తక్కువ గనుక తెర మీది అక్షరములును పలువురికి ఉపయోగపడవు. అట్టి స్థితిలో అందరును ముందుగా ఎరిగిన కథయే శ్రేష్ఠము. కాటికాపరి వేషమున నిలిచిన హరిశ్చంద్రుని చూచినంతనే చూపరికి కథ యంతయు స్ఫురించును. తెర చెప్పలేని మాటలను ప్రేక్షకుడే తన మనసులో చెప్పుకొనును.

తరువాత తెరకు మాట వచ్చినది. హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున తయారైన భక్త ప్రహ్లాద తొలి తెలుగు టాకీ. అది 1932 ఫిబ్రవరి 6వ తేదీన విడుదలయ్యెను. సురభివారు రంగస్థలము మీద ఆడుచుండిన నాటకమే ఆ చిత్రమునకు ఆధారము. సురభి కమలాబాయి అందు లీలావతి పాత్రను ధరించెను. ఈ విధముగా తెలుగు సినిమా తన తొలి పలుకులను నాటకము నుండియే నేర్చుకొనినది.

ఆనాటి నుండి వచ్చిన ఇట్టి చిత్రములను మూడు తెగలుగా విభజింపవచ్చును. రామాయణ భారత భాగవతముల నుండియు, ఇతర పురాణముల నుండియు కథను గ్రహించినవి పౌరాణిక చిత్రములు. రాజకుమారులు, మాంత్రికులు, మాయదీపములు, ఎగురు గుఱ్ఱములు గల కల్పిత కథలతో నిండినవి జానపద చిత్రములు. నిజముగా జీవించిన వీరుల కథను, ప్రజలు పాడుకొను పాటలతో కలిపి చూపునవి వీరగాథా చిత్రములు.

మూడవ తెగకు పల్నాటి యుద్ధము మంచి ఉదాహరణము. పన్నెండవ శతాబ్దమున జరిగిన ఆ యుద్ధమును గూర్చి శ్రీనాథుడు ద్విపదలో రచించెనని ప్రసిద్ధి. కారెంపూడిలో ఏటేట జరుగు ఉత్సవమున నేటికిని ఆ వీరుల కథలను గానము చేయుదురు. ఆ కథ 1947లో ఒకసారి, 1966లో మరియొకసారి చిత్రముగా వచ్చినది. 1757లో జరిగిన బొబ్బిలి యుద్ధమును బుఱ్ఱకథకులు ఇంటింట నిలిపిరి. 1964లో అది వెండితెర కెక్కెను.

జానపద చిత్రములలో బాలనాగమ్మ కథను ముందుగా చెప్పవలెను. పల్లెలలో కథకులు రాత్రులందు చెప్పుచుండిన ఆ కథను జెమినీవారు 1942లో చిత్రముగా నిర్మించిరి. 1951లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయావారు పాతాళభైరవి చిత్రమును వెలువరించిరి. తోటరాముడను సామాన్య యువకుడు రాకుమారిని ప్రేమించుట, నేపాళ మాంత్రికుడు వానిని బలి యీయదలచుట, రాముడు తన తెలివితో వానిని జయించుట అందలి కథ. ఈ కథకు మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలతో సంబంధము కలదు. అరబ్బీ దేశపు అల్లాఉద్దీన్ అద్భుతదీపపు కథతోను పోలిక కలదు. కాశీ త్రోవలోని మజిలీ కథయు, దూరదేశపు దీపపు కథయు ఒకటై తోటరాముని చేతికి చిక్కినవి. జానపద కథలకు దేశముల ఎల్లలు లేవనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. 1952లో మన దేశమున జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రమును ప్రదర్శించిరి. మరియొక విశేషము. నాటకము నుండి సినిమాకు కథలు వెళ్ళినట్లే, ఈ కథ సినిమా నుండి నాటకమునకు తిరిగివచ్చినది. సురభివారు ప్రదర్శించు నాటకములలో పాతాళభైరవి యొకటి.

నానక్‌రామ్‌గూడ స్టూడియోకు తన పేరిచ్చిన రామానాయుడుగారు కూడ ఈ మార్గమున నడచినవారే. ఆయన 1965లో ప్రతిజ్ఞాపాలన అను జానపద చిత్రమును, 1966లో శ్రీకృష్ణ తులాభారమను పౌరాణిక చిత్రమును నిర్మించిరి. ఆ రోజులలో తెలుగు చిత్రములు ఎక్కువగా మద్రాసు నగరమున తయారగుచుండెను. శ్రీకృష్ణ తులాభారము అంతకు పూర్వమే రంగస్థలము మీద పేరు పొందిన కథ. సత్యభామ పాత్రలో స్థానం నరసింహారావుగారు చూపిన అభినయమును ఆనాటి ప్రేక్షకులు తమ జీవితకాలమంతయు తలచుకొనిరి. సత్యభామ తన నగలన్నియు త్రాసులో వేసినను కృష్ణుడు తూగడు. రుక్మిణి భక్తితో నుంచిన ఒక్క తులసీదళమునకు తూగును. ఈ కథను హరిదాసు చెప్పెను, నాటకసమాజము ఆడెను, సినిమా చూపెను. చెప్పువారు మారినను త్రాసు మాత్రము మారలేదు.

ఇంతవరకును కథ ఒక చేతి నుండి మరియొక చేతికి మారిన విధమును చూచితిమి. అట్లు మారునపుడు కథయు మారును. ఏ మేరకు మారునో తెలియుటకు రెండు ప్రసిద్ధ చిత్రములను పరిశీలింపవలెను.

అభిమన్యుని భార్య యెవరని ప్రశ్నించినచో తెలుగువారిలో పలువురు తడుముకొనక శశిరేఖ యని బదులు చెప్పుదురు. వ్యాసభారతమున అభిమన్యుడు వివాహమాడినది విరాటరాజు కూతురగు ఉత్తరను. బలరాముని కూతురు శశిరేఖ కథ అందు లేదు. అది జానపదులు భారతమునకు అల్లిన అందమైన కొమ్మ. నాటకముగా ప్రసిద్ధి కెక్కిన ఆ కథ 1936లో తెరకెక్కెను. మరల 1957 మార్చి 27వ తేదీన విజయావారి మాయాబజార్ చిత్రముగా విడుదలయ్యెను. పాండవుల యింటి పెండ్లి కథ యైనను ఆ చిత్రమున పాండవులు ఒక్కసారియైనను కనిపింపరు. రచయిత పింగళి నాగేంద్రరావుగారు రాక్షసుల నోట పలికించిన క్రొత్త మాటలు ప్రజల వాడుకలో చేరిపోయినవి. శశిరేఖా పరిణయము వ్యాసుడు చెప్పకపోయినను తెలుగువారు అంతగా దానిని తమ దానినిగా చేసికొనిరి.

రెండవది లవకుశ. సి. పుల్లయ్యగారు ఈ కథను 1934లో ఒకసారి చిత్రించిరి. ఆయనయు, ఆయన కుమారుడు సి.ఎస్. రావుగారును కలసి దర్శకత్వము వహించిన లవకుశ 1963లో వెలువడినది. పూర్తిగా రంగులలో వచ్చిన తొలి తెలుగు చిత్రము అదియే. పల్లెల నుండి ప్రజలు బండ్లు కట్టుకొని వచ్చి ఆ చిత్రమును చూచిరి. అందు బాలురైన కుశలవులు అశ్వమేధపు గుఱ్ఱమును కట్టి, రామసైన్యముతో యుద్ధము చేయుదురు. వాల్మీకి ఉత్తరకాండమున కుశలవులు రాముని ఎదుట రామాయణమును గానము చేయుదురే కాని యుద్ధము చేయరు. ఆ యుద్ధకథ జైమిని భారతమున కలదు. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు దానిని తెలుగు చేసెను. చిత్రము చూచినవారిలో ఈ భేదము నెరిగినవారు తక్కువ.

ఈ మార్పులను తప్పులని తలపరాదు. కవులును, కథకులును, నాటకకర్తలును చేసిన పనినే సినిమావారును చేసిరి. 1977లో వచ్చిన దానవీరశూరకర్ణ చిత్రమున ఎన్.టి. రామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు అను మూడు పాత్రలను ధరించిరి. అందు దుర్యోధనుడు కేవలము దుష్టుడుగా గాక, స్నేహమునకు ప్రాణమిచ్చు అభిమానధనుడుగా కనిపించును. ఒకే కథను మరియొక ప్రక్క నుండి చూచుట వలన మనసు విశాలమగును. కాని చూచినది ఒక్క చూపు మాత్రమే యని మరచినచో నష్టము కలుగును.

తెర మీది మాయ మనలను అంత సులభముగా ఎట్లు నమ్మించుచున్నది? ఫిల్ము అనునది నిశ్చల ఛాయాచిత్రముల వరుస. సెకండునకు 24 చిత్రములు కన్నుల ఎదుట సాగిపోవుటచేత అవి కదలుచున్నట్లు తోచును. మునీశ్వరుడు మాయమగు దృశ్యమును తీయవలసినచో కెమేరాను కదల్పక ఆపుదురు. నటుడు ప్రక్కకు తప్పుకొనిన పిమ్మట మరల నడుపుదురు. ఆ రెండు భాగములు అతికి చూచినచో ముని క్షణములో అదృశ్యుడగును. ఒకే నటుడు రెండు వేషములలో ఎదురెదురుగా నిలువవలసినచో, కటకమునకు సగము అడ్డుపెట్టి ఒక వేషమును తీసి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగమున రెండవ వేషమును తీయుదురు. వస్తువును నటుని నోటి నుండి దూరముగా లాగుచు చిత్రించి, దానిని వెనుక నుండి ముందునకు నడిపినచో, ఆ వస్తువు తానై నోటిలో పడినట్లు కనిపించును. నగరమును చూపుటకు చిన్న చిన్న బొమ్మ యిండ్లను కట్టి, దీపములు పెట్టి, చెంత నుండి తీయుదురు. మాయాబజార్ చిత్రమునకు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్లీ ద్వారకా నగరమును ఇట్లే నమూనాతో చూపెను. స్టూడియోలోని విద్యుద్దీపములతో ఆయన కురిపించిన వెన్నెల నేటికిని చూపరులను మురిపించుచున్నది.

నేడు ఆ పనిని ఎక్కువగా కంప్యూటరు చేయుచున్నది. 2015లోను, 2017లోను రెండు భాగములుగా వచ్చిన బాహుబలి ఏ పురాణములోని కథయు కాదు. ఐనను సింహాసనమునకై పోరాడు అన్నదమ్ములు, ప్రతిజ్ఞకు కట్టుబడిన వృద్ధ వీరుడు భారతమును తలపింపక మానరు. 2024లో వచ్చిన కల్కి 2898 ఏ.డి. చిత్రము చిరంజీవియైన అశ్వత్థామను రాబోవు కాలమునకు కొనిపోయినది. కంప్యూటరు సంస్థల నడుమ నిలిచిన నానక్‌రామ్‌గూడలో నివసించు నేటి బాలునికి అశ్వత్థామ పేరు మొదట తెర మీదనే వినబడిన ఆశ్చర్యము లేదు.

ఇచ్చటనే ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. పూర్వము ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కథకుడు. ఒక్కొక్క కథకునికి ఒక్కొక్క తీరు. నేడు వెలువడు గొప్ప చిత్రమును ఒకే దినమున కోట్లమంది ఒకే విధముగా చూచుచున్నారు. అందుచేత కథకు గల వేయి రూపములలో ఒక్కటియే మనసున స్థిరపడి, తక్కినవి మరుగున పడుచున్నవి. శశిరేఖ కథను మనము ఎరిగియుంటిమి. ఉత్తర దుఃఖమును మరచితిమి. ఒకప్పుడు పదుల సంఖ్యలో నుండిన సురభి సమాజములు నేడు వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. సురభి బాబ్జీగా పేరొందిన నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ లభించినది. ఆయన 2022లో దివంగతులైరి. తోలుబొమ్మలను చేయు చేతులు దీపముల పైకప్పులను చేసి అమ్ముకొని బ్రతుకుచున్నవి. చెప్పువాడు పోయిన నాడు వానితోపాటు వాని కథారూపమును పోవును. దానిని ఏ కంప్యూటరును తిరిగి తేలేదు.

దీనికి పరిహారము సినిమా చూచుట మానుకొనుట కాదు. మంచి చిత్రమును ఆనందముతో చూడవలెను. చూచిన పిమ్మట మూలకథను తెలుగు భారతముననో, భాగవతముననో వెదకి చదువవలెను. ఏది పూర్వమునుండి వచ్చినది, ఏది చిత్రకారుడు చేర్చినది, ఎందుకు చేర్చినాడు అని తరచి చూడవలెను. ఇంటిలో తాతయో, అమ్మమ్మయో ఉన్నచో అదే కథను వారి నోట వినవలెను. వారు చెప్పు తీరు పుస్తకములోని తీరు కాకపోవచ్చును; తెర మీది తీరును కాకపోవచ్చును. ఆ తేడాయే వారి సొత్తు. దానిని ఒక పుస్తకమున వ్రాసియుంచిన విద్యార్థి తన వంశమునకును, తన భాషకును మేలు చేసినవాడగును. అవకాశము కలిగినపుడు సురభివారి నాటకమును, ఊరికి వచ్చిన తోలుబొమ్మలాటను చూచి, ఆ కళాకారులను ఆదరింపవలెను.

నానక్‌రామ్‌గూడ మేడలలో రాత్రి యెల్ల దీపములు వెలుగుచునే యుండును. పూర్వము తెల్లని వస్త్రము వెనుక ఆముదపు దీపము వెలుగుచుండెను. ఆ చిన్న వెలుగు ముందు కూర్చుండి మన పూర్వులు రాముని కష్టమునకు కంట తడిపెట్టిరి, కేతిగాని మాటలకు నవ్విరి. ఆ కథలు చేతులు మారి నేటి బాలబాలికల వరకు వచ్చినవి. ఇక ముందునకు వానిని అందింపవలసినవారు వీరే.